46,300 కిలోమీటర్లన్న కారు 2023లోనే 71,650 తిరిగిందట. డీలర్‌ని అడిగే హక్కు ఉందా?

బోడుప్పల్_లెక్కలు:

నమస్తే అందరికీ. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఏమనుకోకండి. సికింద్రాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇరవై ఏళ్లుగా ఎదుటివాళ్ల బిల్లుల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. సొంత బిల్లు దగ్గరికి వచ్చేసరికి బోల్తా పడ్డాను.

మా అత్తయ్యకి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆటో కుదుపులకి ఆవిడ తట్టుకోలేకపోతున్నారని పాత కారు చూడటం మొదలుపెట్టాం. మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక ప్రకటన పంపాడు. 2018 స్విఫ్ట్, పెట్రోల్. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "సింగిల్ ఓనర్, డాక్టర్ గారి కారు, 46,300 కి.మీ. జెన్యూన్, నాన్ యాక్సిడెంట్, నాన్ ఫ్లడ్, ఫుల్ కంపెనీ సర్వీస్ రికార్డ్." హైదరాబాద్‌లో అమ్మకానికి వచ్చే పాత కార్లన్నీ డాక్టర్లవే ఎందుకవుతాయో అప్పుడే అనుమానం రావాల్సింది.

నాగోల్ వైపు ఒక కార్ల కన్సల్టెన్సీ. పేరు రాయను. 2025 ఏప్రిల్ 13, ఆదివారం వెళ్లాం. తెలిసిన మెకానిక్‌ని 1,500 ఇచ్చి తీసుకెళ్లాం. బానెట్ ఎత్తాడు, ఒక రౌండ్ తిప్పాడు, "ఇంజను బాగుంది మేడం" అన్నాడు. బేరం 4,85,000 దగ్గర తెగింది. 50,000 యూపీఐలో టోకెన్, 4,10,000 బ్యాంకు నుంచి, 25,000 నగదు. ఆర్సీ మార్పించడానికని ఇంకో 12,000 విడిగా తీసుకున్నారు. డెలివరీ నోట్‌లో మాత్రం ధర 4,60,000 అనే రాశారు. నగదు సంగతి అందులో లేదు. కింద చిన్న అక్షరాల్లో "ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని తీసుకున్నాను, తర్వాత ఎలాంటి బాధ్యత లేదు" అని ఉంది. సంతకం పెట్టాను.

జూన్‌లో రెండు పెద్ద వానలు పడ్డాయి. ఆ తర్వాత కారులో తడిసిన గోనెసంచి వాసన. అద్దాలు దించి ఎండలో పెట్టినా పోలేదు. ఆ వారమే కుడివైపు పవర్ విండో ఆగిపోయింది, రెండు రోజులకి సెంట్రల్ లాక్ కూడా. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అక్కడి అడ్వైజర్ బండి నంబరు కొట్టి చాలాసేపు స్క్రీన్ వంక చూశాడు. "మేడం, మీటర్ ఎంత ఉంది?" అని రెండోసారి అడిగాడు. నేను 48,100 అన్నాను. ఆయన స్క్రీన్ నా వైపు తిప్పాడు.

2019 సెప్టెంబరులో 17,400. 2020 నవంబరులో 33,900, పక్కనే "ఇన్సూరెన్స్ జాబ్": ఈసీఎం (ఇంజనుని నడిపే కంప్యూటర్), వైరింగ్, కార్పెట్, సీట్లు మార్చారు. 2022 మార్చిలో 58,200. 2023 జనవరిలో 71,650. ఆ తర్వాత కంపెనీకి రాలేదు. డీలర్ నాకు చూపించిన "ఫుల్ సర్వీస్ రికార్డ్" మొదటి రెండు పేజీలే.

ఇంటికొచ్చి పాత పాలసీ కాగితం తీశాను. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 35 శాతం అని ఉంది. పాలసీ నా పేరు మీదకి మార్చినప్పుడు ఆ బోనస్ తేడా కట్టమన్నారు కాబట్టి ఆ అంకె గుర్తుంది, దాని అర్థమేమిటో మాత్రం అప్పుడు ఆలోచించలేదు. 2018 ఆగస్టులో కొన్న కారుకి ఒక్క క్లెయిమ్ కూడా లేకపోతే 20, 25, 35, 45 అని పెరుగుతూ 2023కే 50కి చేరాలి. 2024లో 35 ఉందంటే 2023లో 25, 2022లో 20, 2021లో సున్నా. అంటే 2020 ఆగస్టుకీ 2021 ఆగస్టుకీ మధ్య క్లెయిమ్ జరిగింది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌ని ముంచేసిన వాన ఈ ఊళ్లో ఎవరికి గుర్తులేదు? ఇంత చిన్న లెక్క నాకు ఏప్రిల్‌లో తట్టలేదే అన్నదే నా ఏడుపు.

డీలర్‌కి ఫోన్ చేస్తే "మేం మీడియేటర్లం మాత్రమే మేడం, ఓనర్‌ని అడగండి, సంతకం కూడా పెట్టారుగా" అన్నాడు. ప్రకటన మర్నాడే తీసేశారు. తమ్ముడు పంపిన స్క్రీన్‌షాట్ ఉంది. నా ప్రశ్నలు రెండు: ఆ సంతకంతో నా కథ అయిపోయినట్టేనా? అవకపోతే మొదట ఎక్కడికి వెళ్లాలి?

రామంతాపూర్_రైడర్:

సెకండ్ హ్యాండ్ అంటేనే అదృష్టం మేడం. కొనేముందు చూసుకోవాలి, కొన్నాక ఏడవకూడదు. కోర్టుల చుట్టూ తిరిగే డబ్బుతో ఇంకో బండి వస్తుంది. రిపేర్ చేయించుకుని తక్కువకి తోసేయండి.

బోడుప్పల్_లెక్కలు:

రిపేర్ చేయించి, ఏమీ చెప్పకుండా నాలాంటి ఇంకొకరికి తోసేయమంటారా తమ్ముడూ? అప్పుడు ప్రకటనలో "అకౌంటెంట్ గారి కారు" అని రాయాలేమో.

మలక్‌పేట_పాతబండి:

అక్కా, నేను పదహారేళ్లు ఈ వ్యాపారంలోనే ఉన్నాను, ఇప్పుడు మానేశాను. లోపలి సంగతి చెబుతా.

మీటర్ తిప్పడం పెద్ద విద్య కాదు. ల్యాప్‌టాప్ తగిలిస్తే పావుగంట పని. అందుకే మేం కొనేటప్పుడు మీటర్ అసలు చూసేవాళ్లం కాదు. స్టీరింగ్ ఎంత అరిగింది, బ్రేక్ పెడల్ రబ్బరు ఎలా ఉంది, డ్రైవర్ సీటు అంచు నలిగిందా, ఇవే చూసేవాళ్లం. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 1122 అంటే 2022లో పదకొండో వారం. మీ బండి టైర్లు ఒకసారి చూడండి. 2022లోనే నాలుగూ మారి ఉంటే, అప్పటికే పాత టైర్లు అరిగేంత తిరిగిందన్నమాట, 2025లో 46,000 అన్నది అబద్ధమని అక్కడే తేలిపోతుంది.

నీళ్లలో మునిగిన బండికి డాష్‌బోర్డు, సీట్ కవర్లు అన్నీ కొత్తగా మెరిపిస్తారు. సీటు కింద పట్టాల బోల్టుల జోలికి మాత్రం ఎవరూ పోరు. టార్చి వేసి చూడండి, తుప్పు ఉంటుంది. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, అడుగున మట్టి చార కనిపిస్తుంది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టండి. ఇవన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఇంకొకటి. రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద లెక్కేసి అలాంటి బండ్లు వేలానికి పంపుతారు. మీది రిపేరు చేసి ఓనర్‌కే ఇచ్చారు, అంటే ఆ గీత దాటలేదు. ఓనర్ దాచకుండా చెప్పి అమ్మి ఉండొచ్చు. దాచింది మధ్యలో వాడే అయ్యుండొచ్చు. పాత ఆర్సీ కాపీ మీ దగ్గరుంటే ఆ అడ్రసుకి వెళ్లి మర్యాదగా అడగండి. డీలర్‌కి బండి ఇచ్చినప్పుడు డెలివరీ లెటర్ రాసుకుంటారు, అందులో ఆ రోజు మీటర్ రీడింగ్ వేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ కాగితం దొరికితే "మీడియేటర్లం" అన్న మాట కూడా నిలబడదు.

ఈ "మీడియేటర్" మాట మేమూ వాడినవాళ్లమే, సిగ్గుపడాల్సిన విషయమే. పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలని 2022 డిసెంబరులో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు మార్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అధికారమున్న డీలర్‌కి బండి అప్పగించానని ఓనర్ ఆర్టీఏకి తెలియజేశాక, ఆ బండికి డీలర్‌నే ఓనర్‌గా లెక్కేస్తారు. మీ వాడిని ఆ అధికార పత్రం నంబరు రాతపూర్వకంగా అడగండి. గొంతు మారుతుంది చూడండి.

కమిషన్_మెట్లెక్కినవాడు:

మేడం, నేను వకీలుని కాదు. యాక్సిడెంట్ అయిన కారుని కాలేదని చెప్పి అమ్మిన డీలర్ మీద వినియోగదారుల కమిషన్‌లో నేనే నిలబడి వాదించుకున్నాను. చట్టంలో మూడు నెలలు, వస్తువుకి పరీక్షలు చేయించాల్సి వస్తే ఐదు నెలలు అని ఉంటుంది. నాకు పట్టింది రెండేళ్ల నాలుగు నెలలు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

మీ మొదటి ప్రశ్నకి జవాబు: అయిపోలేదు. "ఉన్నది ఉన్నట్టుగా" అన్న సంతకం పాత కారుకి సహజంగా ఉండే అరుగుదలకి వర్తిస్తుంది. క్లచ్ అరిగిందని, బ్యాటరీ పోయిందని మీరు వెళ్తే ఆ కాగితం వాడికి పనికొస్తుంది. "నాన్ ఫ్లడ్, 46,300 జెన్యూన్" అని రాసి మరీ అమ్మడం వేరు. వస్తువు నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఆ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలకి విడిగా నిర్వచనం కూడా ఉంది. వర్ణన చూసి కొన్న సరుకు ఆ వర్ణనకి సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్‌లోనే ఉంది. ఇది మన తాతల కాలం నుంచి ఉన్న సంగతి.

రామంతాపూర్ తమ్ముడు అన్న "చూసుకోవాల్సింది" అన్న మాట డీలర్ వకీలు కూడా అంటాడు. మీరు మెకానిక్‌ని తీసుకెళ్లారని గట్టిగా పట్టుకుంటాడు. 1872 కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుంటే ఒప్పందం రద్దు చేసుకోలేరని. కానీ అది పొరపాటున చెప్పిన తప్పుకీ, చెప్పకుండా ఊరుకున్న దానికీ. తెలిసి నోరు తెరిచి చెప్పిన అబద్ధానికి ఆ రక్షణ లేదు. అందుకే మీ కేసులో ఆ స్క్రీన్‌షాట్ బంగారం. దాన్ని ప్రింట్ తీస్తే సరిపోదు. తమ్ముడి ఫోన్‌లో ఆ మెసేజ్ తేదీతో సహా అలాగే ఉండాలి, ఫోన్ మార్చవద్దనండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి.

ఇప్పుడు చేయాల్సినవి. పవర్ విండో గానీ సెంట్రల్ లాక్ గానీ ఇప్పుడే బాగు చేయించకండి. లోపం తేలాలంటే కమిషన్ వాహనాన్ని పరీక్షకి పంపవచ్చు. మీరు విప్పేస్తే "వీళ్లే పాడుచేశారు" అంటారు. సర్వీస్ సెంటర్ నుంచి ఆ చరిత్ర మొత్తం ముద్ర, సంతకంతో తీసుకోండి. నోటిమాటగా స్క్రీన్ చూపించారంటే రేపు ఆ అడ్వైజర్ ఉద్యోగం మారి వెళ్లిపోతాడు, మీ చేతిలో ఏమీ మిగలదు. నా కేసు నాలుగు నెలలు ఆగింది సరిగ్గా ఇందుకే.

తర్వాత డీలర్‌కి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మీరే రాయొచ్చు. ఏం ప్రకటించారు, ఏం తేలింది, ఏం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి, ఇవి చాలు. "ఏం కావాలి" అన్న దగ్గర మాత్రం బాగా ఆలోచించండి. డబ్బు వెనక్కి కావాలంటే కారు తిరిగి ఇవ్వడానికి సిద్ధమని రాయాలి, ఈలోగా దాన్ని వేల కిలోమీటర్లు తిప్పకూడదు. కారు ఉంచుకుంటానంటే ధరలో తేడా అడగాలి. నేను రెండూ అడిగి, కారు కూడా వాడుతూ పోయాను. చివరికి తేడా మాత్రమే ఇప్పించారు.

నోటీసుకి జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు డీలర్‌తో మాట్లాడి సర్దుబాటుకి చూస్తారు. అది కోర్టు కాదు, వాళ్ల మాట వినాలని డీలర్‌కి నిర్బంధం లేదు. వినకపోతే జిల్లా కమిషన్. ఫిర్యాదు ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే వేయొచ్చు. డీలర్ ఏ జిల్లాలో ఉన్నా మీరు ఉండే చోటో, ఉద్యోగం చేసే చోటో వేసే హక్కు 2019 చట్టంతో వచ్చింది. మీరు కట్టిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కొన్న రోజు నుంచి రెండేళ్లు గడువనుకుని 2027 ఏప్రిల్ లోపు వేసేయండి. వేశాక, నోటీసు అందిన డీలర్ 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు పొడిగించవచ్చు. 45 దాటితే ఇక కుదరదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. వాయిదాలు లాగేవాడు ఎదురైతే ఆ తీర్పు గుర్తుపెట్టుకోండి.

పోలీసు కేసు కూడా పెట్టొచ్చు, భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం. స్టేషన్‌లో "ఇది సివిల్ మ్యాటర్" అని పంపేసే అవకాశమే ఎక్కువ. నన్ను అలాగే పంపారు.

హబ్సిగూడ_కొత్త_డ్రైవర్:

అన్నా, మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను డీలర్ దగ్గర కాదు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన దగ్గర నేరుగా కొన్నా. నాకూ మీటర్ మీద డౌట్. నేనూ కమిషన్‌కి వెళ్లొచ్చా? ఏడు రోజుల్లో తిరిగిచ్చే రూలు ఉంటుందంటారు, నిజమేనా?

కమిషన్_మెట్లెక్కినవాడు:

లేదు తమ్ముడూ, రెండూ కావు. సొంత కారు ఒక్కసారి అమ్ముకున్న మనిషి వ్యాపారి కాదు కాబట్టి వినియోగదారుల కమిషన్ తీసుకోదు. సివిల్ కోర్టుకి వెళ్లాలి, కాంట్రాక్టు చట్టం కింద. అక్కడ ఖర్చూ ఎక్కువే, కాలమూ ఎక్కువే. ఏడు రోజుల రూలు ఏ చట్టంలోనూ లేదు. కొన్ని పెద్ద కంపెనీలు తమంతట తాము ఇచ్చే హామీ అది, కాగితం మీద ఉంటేనే ఉన్నట్టు. మీ అపార్ట్‌మెంట్ ఆయన కాబట్టి ముందు లిఫ్ట్‌లో పలకరించి చూడు.

మలక్‌పేట_పాతబండి:

పాలసీ నీ పేరు మీదకి మార్చుకున్నావా తమ్ముడూ? కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలి. థర్డ్ పార్టీ దానంతటదే నీకు వస్తుంది, నీ బండికి దెబ్బ తగిలితే ఇచ్చే భాగం మాత్రం అలా రాదు. మీటర్ గొడవ తర్వాత, ముందు అది చూసుకో.

బోడుప్పల్_లెక్కలు:

అందరికీ థాంక్స్. పదకొండు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను, ఈలోపు చాలా జరిగాయి.

టైర్ల మీద 0922. నాలుగింటి మీదా అదే. సీటు బెల్టు చివరిదాకా లాగితే అడుగున జానెడు మేర మట్టి రంగు. మా ఆయన టార్చి పట్టుకున్నారు, నేను ఫోటోలు తీశాను. అత్తయ్య గుమ్మంలో కూర్చుని "ఈ పరీక్షలన్నీ నాకు సంబంధం చూసేటప్పుడు చేయాల్సింది" అన్నారు, మామయ్య వైపు చూసి.

సర్వీస్ సెంటర్ వాళ్లు మొదట చరిత్ర ఇవ్వం అన్నారు. ఓనర్‌గా నా ఆర్సీ చూపించి లెటర్ రాసిస్తే మూడో రోజు ముద్రతో ఇచ్చారు.

శనివారం పాత ఆర్సీలో ఉన్న అడ్రసుకి వెళ్లాం. టోలిచౌకి, నదీం కాలనీ. డాక్టర్ కాదు, ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. టీ ఇచ్చి కూర్చోబెట్టారు. 2020లో కారు మూడు రోజులు నీళ్లలోనే ఉందని, గోడ మీద నీటి గుర్తు చూపించి మరీ చెప్పారు. కన్సల్టెన్సీ వాళ్లకి ఆ సంగతి చెప్పే ఇచ్చారట. 2025 జనవరిలో 1,12,000 చిల్లర మీటర్ మీద 2,60,000కి అమ్మేశారు. అంటే మలక్‌పేట తమ్ముడు చెప్పినట్టే, వాళ్లు మీడియేటర్లు కాదు, కొని అమ్మినవాళ్లు. డెలివరీ లెటర్ షాపులో ఉందట, వెతికి కాపీ ఇస్తానన్నారు. కమిషన్‌కి వచ్చి చెబుతారా అంటే మాత్రం కాసేపు మాట్లాడలేదు.

నోటీసు ఆ సోమవారమే పంపాను. కారు తీసుకుని డబ్బు ఇవ్వండి అనే రాశాను, తేడా అడగలేదు. గురువారం డీలర్ ఫోన్. ఈసారి "మేడం" పోయి "అక్కా" అయ్యాను. 40,000 ఇస్తాం, సెటిల్ చేసుకుందాం అన్నాడు. అధికార పత్రం నంబరు చెప్పమన్నాను. లైన్ కట్ అయ్యిందో, కట్ చేశాడో తెలియదు. సాయంత్రం మెసేజ్ వచ్చింది: 60,000.

మామయ్య తీసుకోమంటున్నారు. మా ఆయన ఏ మాటా చెప్పడం లేదు. 2,60,000కి కొన్న బండి నాకు 4,85,000కి అంటగట్టారు, తేడా 2,25,000. పెయింటింగ్, పాలిషింగ్ ఎంత చేయించినా ఆ లెక్క 60,000 దగ్గర ముగియదు.

ఒక్క సందేహం మిగిలింది. డెలివరీ నోట్‌లో లేని ఆ 25,000 నగదు కూడా ఫిర్యాదులో వేయొచ్చా?

కమిషన్_మెట్లెక్కినవాడు:

వేయండి. ఆ రోజు బ్యాంకు నుంచి నగదు తీసినట్టు ఎంట్రీ ఉంటే జత చేయండి, మీతో వచ్చిన మెకానిక్ గానీ తమ్ముడు గానీ చూసి ఉంటే అఫిడవిట్ ఇప్పించండి. ఒప్పుకోకపోయినా మిగతా 4,60,000కి నష్టం లేదు. వాడి మెసేజ్‌లు తుడవకండి, "60,000 ఇస్తాం" అన్నది కూడా దాచండి. వాడితో ఇక ఫోన్‌లో మాట్లాడకండి, ఏదైనా రాతలోనే.

బోడుప్పల్_లెక్కలు:

ఏప్రిల్ 12న ఏటీఎంలో తీసిన ఎంట్రీలు ఉన్నాయి, 10,000, 10,000, 5,000. మెకానిక్‌ని అడిగితే "నాకెందుకు మేడం ఈ గొడవ" అన్నాడు, ఆ 1,500 తిరిగిస్తానన్నాడు. వద్దన్నాను. తమ్ముడు అఫిడవిట్ ఇస్తాడు.

కారు ఇంటి ముందు కవర్ కప్పి ఉంది, మీటర్ 48,163. అత్తయ్యని మళ్లీ ఆటోలోనే తీసుకెళ్తున్నాం, రెండు దిండ్లు వేసి. శుక్రవారం సెలవు పెట్టాను. నమాజ్ అయ్యాక షాపు తెరుస్తారట, డెలివరీ లెటర్ కాపీ తెచ్చుకోవడానికి టోలిచౌకి వెళ్లాలి.